ఆటగాడిగా పేరు లేని మనోలో మార్కెజ్ మన జట్టుకు కోచ్ ఎలా అయ్యారు?

ప్రశ్న: సార్, భారత ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్‌గా స్పెయిన్ ఆయన మనోలో మార్కెజ్‌ను పెట్టారు. ఆటగాడిగా ఆయన పేరు నేనెక్కడా వినలేదు. ఇంతకుముందున్న స్టిమాచ్ వరల్డ్ కప్ ఆడినవాడు. ఆయన వల్లే కానిది ఈయన వల్ల ఏమవుతుంది? హైదరాబాద్‌లో ఆడిన రెండు మ్యాచ్‌ల్లో మనవాళ్లు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అసలు ఈయన నేపథ్యం ఏమిటి? (ధర్మవరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి, 2024 సెప్టెంబర్. మార్కెజ్ 2025 జులైలో ఈ పదవి నుంచి తప్పుకున్నారు.)

సమాధానం:

తమ్ముడూ, నేను అనంతపురంలో ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ నేను ఆడలేదు. జిల్లా జట్టు దాటి పైకి పోలేదు. పిల్లవాణ్ణి గ్రౌండ్‌కు తీసుకొచ్చిన తండ్రి మొదట అడిగే మాట ఒకటే: "మీరు ఎక్కడ ఆడారు సార్?" నా జవాబు విన్నాక కొందరు పిల్లవాణ్ణి వెనక్కి తీసుకెళ్లిపోయారు కూడా. అందుకే నీ ప్రశ్న చదవగానే కూర్చుని వివరంగా రాయాలనిపించింది. ఇప్పుడు మన ఊళ్లో దులీప్ ట్రోఫీ నడుస్తోంది, ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్ దగ్గర ఆటోవాళ్ల నుంచి టీ కొట్టు వరకు అందరి నోటా క్రికెట్టే. ఇలాంటప్పుడు ఫుట్‌బాల్ గురించి ఒక కుర్రవాడు అడిగాడంటే అదే నాకు సంతోషం.

ముందు మనిషి సంగతి. మార్కెజ్ 1968 సెప్టెంబర్ 7న బార్సిలోనాలో పుట్టారు. మొన్న, 2024 వినాయక చవితి రోజే, ఆయనకు 56 నిండాయి. అసలు పేరు మాన్యుయెల్. మనం వెంకటేశ్వర్లును వెంకటేశు అన్నట్టు వాళ్లు మాన్యుయెల్‌ను మనోలో అంటారు. పూర్తి పేరు మనోలో మార్కెజ్ రోకా. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ పెట్టుకుంటారు. మన అనంతపురం వాళ్లకు ఇది కొత్త కాదు, ఫాదర్ ఫెర్రర్ పూర్తి పేరు విన్సెంట్ ఫెర్రర్ మొంచో అని తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆయన పుట్టింది కూడా బార్సిలోనాలోనే, 1920లో. 1969లో ఇక్కడికి వచ్చి ఆర్‌డీటీ మొదలుపెట్టకపోతే ఈ కరువు జిల్లాలో ఇన్ని ఆట స్థలాలు ఉండేవి కావు. ఆ ఊరి మనిషి మన దేశపు జట్టుకు కోచ్ అయ్యాడంటే నాకు ఆ బంధం గుర్తొచ్చింది, అందుకే చెప్పాను.

బార్సిలోనా అనగానే మీ వయసు పిల్లలకు మెస్సీ, క్యాంప్ నౌ గుర్తొస్తాయి. మార్కెజ్ తిరిగిన బార్సిలోనా అది కాదు. ఆయన పనిచేసిన క్లబ్బులు యూరోపా, ప్రాట్, బడలోనా. యూరోపా ఆ నగరంలోని గ్రాసియా అనే పేటది. 1929లో స్పెయిన్ లీగ్ మొదలైనప్పుడు ఆడిన పది జట్లలో అదీ ఒకటి, తర్వాత కిందికి దిగిపోయింది. ప్రాట్ విమానాశ్రయం పక్కనున్న పట్టణం. బడలోనా సముద్రం ఒడ్డున నగరానికి ఆనుకుని ఉంటుంది. మార్కెజ్ ఈ క్లబ్బుల్లో పనిచేసింది అక్కడి కింది డివిజన్లలో. అలాంటి చోట ఖరీదైన ఆటగాడిని కొనే డబ్బు ఉండదు. ఉన్నవాళ్లనే బాగుచేసుకోవాలి, వాళ్లతోనే ఆదివారం మ్యాచ్ గెలవాలి. ఆటగాడిగా మొదటి డివిజన్ చూడని మనిషి కోచింగ్ అంతా అక్కడే నేర్చుకున్నారు.

తర్వాత ఎస్పాన్యోల్ క్లబ్ రెండో జట్టుకు, లాస్ పాల్మాస్ క్లబ్ రెండో జట్టుకు కోచ్‌గా పనిచేశారు. ఈ రెండో జట్టు అంటే ఏమిటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మార్కెజ్‌ను అర్థం చేసుకోవాలంటే ఇదే ముఖ్యం. మన దగ్గర రెండో జట్టు అంటే బెంచీ మీద కూర్చునేవాళ్లు. స్పెయిన్‌లో అలా కాదు. పెద్ద క్లబ్ తన కుర్రవాళ్లతో ఇంకో జట్టు కట్టి కింది డివిజన్ లీగ్‌లో దించుతుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు ముప్పై ఏళ్ల గట్టి మగవాళ్ల మీద ప్రతి వారం ఆడాలి. వాళ్లలో ఎవడైనా బాగా ఆడాడా, వెంటనే పై జట్టు లాక్కుంటుంది. రెండో జట్టు కోచ్ బతుకు అదే. మంచి ఆటగాణ్ణి తయారుచేయాలి, తయారైనవాణ్ణి వదులుకోవాలి, మళ్లీ కొత్తవాడితో మొదలుపెట్టాలి. అయినా మ్యాచ్ గెలవాలి. ఆ పని ఏళ్ల తరబడి చేసిన మనిషికి పేరున్న ఆటగాడు లేడనే బాధ ఉండదు.

2017లో లాస్ పాల్మాస్ రెండో జట్టు ఒక డివిజన్ పైకి ఎక్కింది. అదే వేసవిలో పెద్ద జట్టు కోచ్ కీకే సెటియెన్ వెళ్లిపోయారు. ఆ స్థానంలో మార్కెజ్‌ను కూర్చోబెట్టారు. కింది డివిజన్ మనిషి ఒక్కసారిగా లా లీగాలోకి, అంటే స్పెయిన్ మొదటి డివిజన్‌లోకి, వచ్చారు. ఆరు మ్యాచ్‌లు ఆడారు, రెండు గెలిచారు, నాలుగు ఓడారు. సెప్టెంబర్ చివర్లో తనే తప్పుకున్నారు. మూడు నెలలు కూడా నిండలేదు. నెట్‌లో ఆయన్ను తక్కువ చేసేవాళ్లు మొదట చూపించేది ఈ సంగతే. నేను దీన్ని దాచను, చిన్నదని కూడా అనను. ఎక్కువ రోజులు చేతికి దొరికిన పిల్లలతో పైకి ఎక్కారు, తక్కువ రోజులు దొరికిన పెద్ద జట్టుతో నిలబడలేకపోయారు. ఈ తేడాను గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాను.

ఆ తర్వాత క్రొయేషియాలో ఇస్త్రా 1961 అనే క్లబ్, థాయిలాండ్‌లో రాచ్చబురి. రెండింటిలోనూ ఎక్కువ కాలం లేరు. థాయిలాండ్ వల్ల ఒక మేలు జరిగింది, ఆసియా ఎండ, ఆసియా ఆటగాళ్లు, ఇక్కడి క్లబ్బుల తీరు ఆయనకు అలవాటయ్యాయి.

ఇక అసలు కథ హైదరాబాద్‌లో. 2019లో పుణె క్లబ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్ ఘోరం. 18 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు, వచ్చిన పాయింట్లు 10, చిట్టచివరి స్థానం. మరుసటి సీజన్‌కు ఆల్బర్ట్ రోకాను సిద్ధం చేసుకుంటే, ఆయన్ను బార్సిలోనా క్లబ్ తన కోచింగ్ బృందంలోకి పిలిపించుకుంది. అప్పుడు, 2020 ఆగస్టు చివర్లో, మార్కెజ్ వచ్చారు. (రోకా అనే పేరు ఇద్దరిలో ఉంది కానీ బంధువులు కారు.) అప్పుడు కరోనా. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొత్తం గోవాలో ప్రేక్షకులు లేకుండా జరిగింది. ఆటగాళ్లందరూ హోటల్, గ్రౌండ్ తప్ప ఎక్కడికీ పోకూడదు. అందరికీ అది జైలులా ఉండింది. మార్కెజ్ దాన్ని గురుకులంలా మార్చుకున్నారని నా నమ్మకం. కుర్రవాళ్లు నెలల తరబడి పొద్దున లేచింది మొదలు ఆయన కళ్ల ముందే ఉన్నారు.

ఆ కుర్రవాళ్లు ఎవరో చూడు. లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు వెనక కాపు కాసేవాడు) ఆకాశ్ మిశ్రా, రైట్ బ్యాక్ ఆశిష్ రాయ్, వింగ్‌లో గోవా పిల్లవాడు లిస్టన్ కొలాసో, మణిపూర్ నుంచి మహమ్మద్ యాసిర్, చింగ్లెన్‌సానా, ఉత్తరాఖండ్ నుంచి రోహిత్ దాను. వీళ్లలో చాలామంది పేర్లు అప్పటికి మనకు తెలియవు. ఆ సీజన్‌లో 29 పాయింట్లతో ఐదో స్థానంలో నిలిచారు, రెండు పాయింట్ల తేడాతో సెమీస్ పోయింది. చివరి స్థానం నుంచి ఒక్క ఏడాదిలో అంత దూరం. 2021 మార్చిలో జాతీయ జట్టు దుబాయ్‌లో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడితే ఆకాశ్ మిశ్రా, చింగ్లెన్‌సానా, లిస్టన్ ముగ్గురూ అక్కడే భారత్ తరఫున మొదటిసారి ఆడారు.

సీజన్ కాగానే లిస్టన్‌ను కోల్‌కతా పెద్ద క్లబ్ కొనుక్కుంది. రెండో జట్టు కోచ్ అనుభవం అని చెప్పాను కదా, అది ఇక్కడ పనికొచ్చింది. ఏడవకుండా ఇంకొకరిని తయారుచేసుకున్నారు. 2021-22లో నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు, పేపర్లలో అతని ఫొటోలే వచ్చాయి. నేను మాత్రం పిల్లలకు చూపించింది బ్యాక్ లైన్‌ను. బాల్ మన దగ్గర ఉన్నప్పుడు ఆకాశ్ మిశ్రా లైన్ వెంట పైకి పోయేవాడు, అతను వదిలిన ఖాళీని మధ్యలో ఆడేవాడు వచ్చి మూసేవాడు. ఎవరూ ఎవరినీ పిలవరు, చేయి ఊపరు. కళ్లతో చూసి కదిలేవారు. అది ఒక రోజులో వచ్చేది కాదు. వందసార్లు ఆపి, మళ్లీ ఆడించి, మళ్లీ ఆపితే వస్తుంది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఫైనల్. కేరళ వాళ్లు గ్యాలరీ అంతా పసుపు రంగు చేసేశారు. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన కిక్ లోపలికి పోయింది. తవోరా సబ్‌గా దిగినవాడు. ఆ తర్వాత పెనాల్టీలు. మన కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఒక్కొక్కటీ ఆపుతుంటే ఇక్కడ మా ఇంట్లో పదిహేనుమంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరిచారు. మూడు ఆపాడు. 3-1తో కప్ హైదరాబాద్‌కు వచ్చింది. తెలుగు నేల పేరు మీద ఆడే జట్టు దేశంలో పెద్ద లీగ్ గెలవడం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా తరం వాళ్లకు హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే పెద్దలు చెప్పిన పాత కథే కదా.

మరుసటి ఏడాది ఆశిష్ రాయ్ కూడా కోల్‌కతా వెళ్లిపోయాడు. అయినా 42 పాయింట్లతో రెండో స్థానం. 2023లో మార్కెజ్ గోవా క్లబ్‌కు మారారు, అక్కడా మొదటి సీజన్‌లోనే సెమీస్ చేరారు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, పేరున్న ఆటగాడా కాదా అన్నది. మనకు వచ్చిన విదేశీ కోచ్‌లను ఒకసారి చూద్దాం. 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఇంగ్లండ్ మనిషి హ్యారీ రైట్. యుగోస్లావియా నుంచి వచ్చిన చిరిచ్ మిలోవాన్ 1984 ఆసియా కప్‌కు మనల్ని తీసుకెళ్లారు. ఉజ్బెకిస్తాన్ ఆయన రుస్తమ్ అక్రమోవ్ కాలంలో, 1996లో, మన ఫిఫా ప్రపంచ ర్యాంకు 94కు చేరింది. అంత మంచి ర్యాంకు మళ్లీ రాలేదు.

వీళ్లలో నేను ఎక్కువగా గౌరవించేది బాబ్ హౌటన్‌ను. ఇంగ్లండ్ ఆయన, ఆటగాడిగా పెద్దగా ఏమీ లేదు. ముప్పై దాటకముందే స్వీడన్ వెళ్లి మాల్మో అనే క్లబ్‌కు కోచ్ అయ్యారు. 1979లో ఆ క్లబ్‌ను యూరోపియన్ కప్ ఫైనల్ వరకు తీసుకెళ్లారు. మన జట్టుకు 2006లో వచ్చారు. 2007, 2009 నెహ్రూ కప్‌లు, 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గెలిపించారు. ఆ 2008 కప్ వల్లే 27 ఏళ్ల తర్వాత, అంటే 1984 తర్వాత మొదటిసారి, 2011లో ఆసియా కప్ ఆడాం. ఆయన తర్వాత కొద్దికాలానికి, 2012లో, డచ్ ఆయన విమ్ కోవర్మాన్స్ వచ్చారు. 1988లో యూరో కప్ గెలిచిన నెదర్లాండ్స్ జట్టులో సభ్యుడు. పేరు చూసి మేమంతా చాలా ఆశపడ్డాం. నెహ్రూ కప్ ఒకటి గెలిచారు, అంతకు మించి జట్టు ముందుకు పోలేదు. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ గాయం వల్ల చిన్న వయసులోనే ఆట మానేసిన మనిషి, 2019 ఆసియా కప్‌కు మనల్ని చేర్చింది ఆయనే.

స్టిమాచ్ సంగతి. 1998 వరల్డ్ కప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టు డిఫెండర్. ఆయన్ను తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. 2023లో మన జట్టు ఇంటర్‌కాంటినెంటల్ కప్, దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ గెలిచింది. కానీ 2024 జనవరిలో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు ఓడి ఒక్క గోల్ కొట్టకుండా వచ్చాం. జూన్‌లో ఖతార్ మ్యాచ్‌లో గ్రౌండ్ లైన్ దాటి బయటికి పోయిన బాల్‌ను వాళ్లకు గోల్‌గా ఇచ్చి మనకు అన్యాయం చేశారు, అది నిజం. అయినా ఆ మ్యాచ్ దాకా వచ్చే పరిస్థితి మనమే తెచ్చుకున్నాం. జూన్ 17న ఆయన్ను తీసేశారు. ఆ ఉద్యోగానికి 291 దరఖాస్తులు వచ్చాయి, జులై 20న మార్కెజ్ పేరు ప్రకటించారు. అంత మందిలో మన ఆటగాళ్లను నాలుగేళ్లు దగ్గరుండి చూసిన మనిషిని ఎంచుకోవడం నా దృష్టిలో సరైన పని.

వీళ్లందరి కంటే ముందు మన రహీం సాబ్‌ను తలుచుకోకుండా ఈ జవాబు పూర్తికాదు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి, వృత్తికి బడి పంతులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగా వచ్చాయి. ఆటగాడిగా ఆయన ఎంత గొప్పవాడని ఎవరూ అడగలేదు. ఇంకో సంగతి, ఆయన జాతీయ జట్టుతో పాటు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ కోచ్. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మార్కెజ్ కూడా 2024-25 సీజన్ అంతా గోవా క్లబ్‌కు, దేశానికి రెండింటికీ కోచ్‌గా ఉంటారు. ఆ తర్వాత పూర్తిగా దేశానికే అన్నది ఏర్పాటు.

ఈ రెండు పడవల ఏర్పాటు నాకు నచ్చలేదు. గోవా ఆటగాణ్ణి తీసుకుంటే సొంతవాడని అంటారు, తీసుకోకపోతే క్లబ్ కోసం దాచుకున్నాడని అంటారు. కోచ్ మీద అలాంటి అనుమానం పడితే డ్రెస్సింగ్ రూమ్ చెడిపోతుంది. రహీం సాబ్ చేశారు కదా అని కొందరు వాదిస్తున్నారు. ఆ కాలంలో జాతీయ శిబిరాలు వారాల తరబడి నడిచేవి, ఆటగాళ్లు శిబిరంలోనే రాటుదేలేవారు. ఇప్పుడు జాతీయ కోచ్‌కు ఏడాదిలో కొన్ని ఫిఫా విండోలు (క్లబ్బులు ఆటగాళ్లను దేశపు జట్టుకు వదలాల్సిన రోజులు), ఒక్కోదానికి తొమ్మిది పది రోజులు. అందులో ప్రయాణాలు, రెండు మ్యాచ్‌లు పోతే నేర్పడానికి మిగిలేది ఎంత?

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మన జిల్లా జూనియర్ జట్టును నాకు అప్పగించారు. సెలక్షన్స్ అయ్యాక నాకిచ్చిన క్యాంప్ రెండు రోజులు. హిందూపురం పిల్లలు ఆరుగురు, గుంతకల్లు రైల్వే గ్రౌండ్‌లో ఆడే పిల్లలు నలుగురు, తాడిపత్రి, కదిరి నుంచి ఇద్దరేసి, మిగతావాళ్లు మా గ్రౌండ్ పిల్లలు. ఒక్కొక్కణ్ణి చూస్తే జిల్లాలో అంతకంటే మంచివాళ్లు లేరు. మ్యాచ్ మొదలయ్యాక చూస్తే హిందూపురం వాడు హిందూపురం వాడికే బాల్ ఇస్తున్నాడు, గుంతకల్లు వాడు గుంతకల్లు వాడికే. ఇది పొగరు కాదు, పక్కవాడు ఎటు పరుగెత్తుతాడో వాళ్లకు తెలియదు. తెలిసినవాడికే ఇస్తారు. నా గ్రౌండ్‌లో ఎనిమిది నెలల్లో నేర్పినది ఆ రెండు రోజుల్లో ఒక్క శాతం కూడా నేర్పలేకపోయాను. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ పిల్లలు అప్పుడప్పుడే ఒకరి పేర్లు ఒకరు నేర్చుకున్నారు. ఇంకో వారం ముందు ఆ బస్సు ఎక్కించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మార్కెజ్ మొదటి మ్యాచ్ లెక్క చూడు. మన క్లబ్బులు ఆడే డ్యూరండ్ కప్ ఫైనల్ ఆగస్టు 31న. అదే రోజు ఆయన పిలిచిన 26 మంది హైదరాబాద్ చేరాలి. మారిషస్‌తో మ్యాచ్ సెప్టెంబర్ 3న. మధ్యలో ఉన్నవి రెండు రోజులు, నా జిల్లా క్యాంప్ అంత. ఆ 26 మందిలో నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా, ఆశిష్ రాయ్, యాసిర్, లిస్టన్ ఉన్నారు, అంతా పాత హైదరాబాద్ పిల్లలే. తనకు తెలిసినవాళ్లను దగ్గర పెట్టుకోవడం చూసి కొందరు పక్షపాతం అన్నారు. రోజులు లేనప్పుడు ఏ కోచ్ అయినా చేసే పని అది. నేనైనా మా గ్రౌండ్ పిల్లలతోనే మొదలుపెట్టేవాణ్ణి.

2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలు గుర్తున్నాయా? మన జట్టు మ్యాచ్‌కు ముందు రోజు చైనా చేరింది. మరునాడు చైనా చేతిలో 5-1తో ఓడింది. అప్పుడు కోచ్ స్టిమాచ్, వరల్డ్ కప్ ఆడినవాడు. ఆయన పేరు ఆ రోజు మనకు ఏం ఉపయోగపడింది? జట్టుకు రోజులు ఇవ్వకపోతే ఏ దేశం కోచ్‌ను తెచ్చినా ఇదే జరుగుతుంది. క్లబ్బులు ఆటగాళ్లను వదలవు, లీగ్ తేదీలు మారవు, శిబిరాలు కుదించుకుపోతాయి. కోచ్ మీద కోపం తెచ్చుకునేవాళ్లు ఈ తేదీల మీద కూడా కోపం తెచ్చుకోవాలని నా మనవి.

సిరియాతో మ్యాచ్ చూడటానికి నలుగురు పిల్లలతో రాత్రి రైలెక్కి కాచిగూడ దిగి, గచ్చిబౌలి వెళ్లాను. మారిషస్‌తో 0-0 అయ్యిందని పిల్లలకు ముందే దిగులుగా ఉంది. మారిషస్ ర్యాంకు 179, మనది 124. ఆ జట్టు మీద గోల్ కొట్టకపోవడం తప్పే, దానికి నేను సాకు చెప్పను. సిరియా మన కంటే మెరుగైన జట్టు, 93వ ర్యాంకు. ఏడో నిమిషంలోనే గోల్ ఇచ్చేశాం. రెండో సగంలో మనవాళ్లు బాగా నొక్కారు, అవకాశాలు వచ్చాయి, లోపలికి పోలేదు. చివర్లో ఇంకో రెండు ఇచ్చి 3-0తో ఓడాం.

ఆ రాత్రి నేను చూసింది ఏమిటంటే, మనవాళ్లు బాల్‌ను వెనక నుంచి చిన్న పాసులతో తేవాలని ప్రయత్నించారు. మార్కెజ్ ఆట అదే. అయితే బాల్ అందుకున్న ప్రతివాడూ ఒక్క క్షణం ఆగి తలెత్తి వెతుకుతున్నాడు, ఎవరెక్కడున్నారా అని. హైదరాబాద్ ఎఫ్‌సీ పిల్లలు అలా వెతికేవారు కాదు, వాళ్లకు ముందే తెలుసు. ఆ ఒక్క క్షణంలోనే సిరియా వాళ్లు మీద పడిపోయారు. ఆయన నేర్పదలిచింది కనపడింది, ఇంకా ఒంటబట్టలేదు. రైల్లో తిరిగి వస్తుంటే మా పిల్లల్లో చిన్నవాడు, లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు, "సార్, వాళ్లు కూడా మన జిల్లా జట్టులాగే ఆడినారు" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడికి అంత కనపడింది.

కాబట్టి ఆయన నేపథ్యం గురించి నన్ను సూటిగా అడిగితే ఇలా చెబుతాను. పిల్లలను ఆటగాళ్లుగా మార్చే పనిలో మన దేశానికి వచ్చిన విదేశీ కోచ్‌లలో ఈయన మొదటి వరుసలో ఉంటారు. ఆ పని రోజూ చేసే చోట ఆయన గెలిచారు. రోజులు దొరకని చోట, లాస్ పాల్మాస్‌లోలాగా, ఇబ్బంది పడ్డారు. జాతీయ జట్టు రోజులు దొరకని ఉద్యోగం. అదే నాకున్న భయం. ఆయన ఆటగాడిగా ఎక్కడ ఆడారన్న దాని మీద నాకు ఏ భయమూ లేదు.

2027 ఆసియా కప్ సౌదీలో జరుగుతుంది, దానికి అర్హత మ్యాచ్‌లు 2025 మార్చిలో మొదలవుతాయి. అంతలోపు అక్టోబర్, నవంబర్ విండోలు ఉన్నాయి. అక్టోబర్‌లో జట్టు వియత్నాం పోతుంది. ఆ మ్యాచ్ నువ్వు ఫోన్‌లో చూస్తావు కదా, మొదటి ఇరవై నిమిషాలు బాల్ వెంట కళ్లు తిప్పకు. మన లెఫ్ట్ బ్యాక్ ఒక్కడినే చూడు. అతను పైకి పరుగెత్తినప్పుడు వెనక ఖాళీలోకి మధ్యలోవాడు పిలవకుండానే వస్తున్నాడా, లేక అతను తిరిగి చూసి చేయి ఊపాల్సి వస్తోందా, అది లెక్కపెట్టు. ఎన్నిసార్లు వచ్చాడో, ఎన్నిసార్లు రాలేదో రాసిపెట్టుకుని నాకు పంపు. నేనూ ఇక్కడ మా పిల్లలతో అదే లెక్క రాయిస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.